క్రాష్‌కెర్నెల్‌కి 512 ఎంబీ ఇచ్చినా విఎంకోర్ సగంలో ఆగిపోతోంది: అసలు ఎంత పక్కన పెట్టాలి?

తుంగభద్ర (మారతహళ్ళి)

అందరికీ నమస్కారం. లినక్స్ కెర్నెల్ కుప్పకూలితే (ప్యానిక్) దాని మెమరీ కాపీని (విఎంకోర్) రాసే రెండో కెర్నెల్ కోసం బూట్‌లోనే పక్కన పెట్టే ర్యామ్, అదే క్రాష్‌కెర్నెల్, గురించి నా ప్రశ్న. బెంగళూరు వైట్‌ఫీల్డ్ డేటా సెంటర్‌లోని డేటాబేస్ సర్వర్ల గురించి అడుగుతున్నాను. ఒక్కోదానికి రెండు సాకెట్లు, 384 జీబీ ర్యామ్, రెండు ఫైబర్ ఛానల్ హెచ్‌బీఏలు (స్టోరేజికి కలిపే కార్డులు), ఒక 25జీ నెట్‌వర్క్ కార్డు. రూట్ డిస్కు శాన్ (బయటి స్టోరేజి నెట్‌వర్క్) మీద మల్టీపాత్‌తో (ఒకే డిస్కుకి ఒకటికి మించి దారులు) ఉంది. ఓఎస్ ఆర్‌హెచ్‌ఈఎల్ 9 (రెడ్ హ్యాట్ లినక్స్). బూట్ లైను డిఫాల్ట్‌గా వచ్చిందే:

క్రాష్‌కెర్నెల్=1జీ-4జీ:192ఎం,4జీ-64జీ:256ఎం,64జీ-:512ఎం

కెర్నెల్ ప్యానిక్ అయితే రెండో కెర్నెల్ లేస్తోంది, సీరియల్ కన్సోల్‌లో కనబడుతోంది. డిస్కులు వెతికే దశలో ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌లని చంపే కెర్నెల్ భాగం) దిగి మల్టీపాత్‌డీని చంపేస్తోంది. ఒక్కోసారి ఆ గండం దాటి మేక్‌డంప్‌ఫైల్ (డంపు రాసే టూల్) మొదలవుతుంది, మధ్యలో అదీ పోతుంది. /వార్/క్రాష్ కింద విఎంకోర్-ఇన్‌కంప్లీట్ తప్ప ఏమీ మిగలడం లేదు.

384 జీబీకి 1 జీబీ ఇవ్వాలా, 2 జీబీ ఇవ్వాలా? రెండో సంగతి. ఇక్కడే 4 జీబీ వీఎంలు (వర్చువల్ మెషీన్లు) 400 దాకా ఉన్నాయి. ఒక్కోదానికి 256 ఎంబీ చొప్పున 100 జీబీ ఊరికే పోతోంది, వీఎంల నుంచి తీసేయమని పైవాళ్ళు అంటున్నారు. తీసేయొచ్చా?

పాత_ప్యానిక్ (జయనగర్)

ర్యామ్ ఎంతుంటే దానికి తగ్గట్టు ఇంత అని లెక్కేయడం దగ్గరే దారి తప్పుతోందండీ. ఆ 512 ఎంబీలోకి మీ 384 జీబీ రాదు. పాత మెమరీ ఎక్కడిదక్కడే ఉంటుంది. రెండో కెర్నెల్ దాన్ని /ప్రాక్/విఎంకోర్ అనే ఫైలుగా చూపిస్తుంది, మేక్‌డంప్‌ఫైల్ ముక్కలుముక్కలుగా చదివి రాస్తుంది. ఏ పేజీ కావాలో ఏది అక్కర్లేదో గుర్తు పెట్టుకోడానికి పేజీకి ఒక బిట్. 4 కేబీ పేజీల లెక్కన 384 జీబీకి 12 ఎంబీ. అలాంటి బిట్‌మ్యాప్‌లు రెండనుకున్నా 24 ఎంబీ. చోటు తక్కువైతే సైక్లిక్ మోడ్‌లో దాన్ని కూడా ముక్కలు చేసుకుని తిప్పుతుంది. అంటే ర్యామ్ సైజు వల్ల పడే భారం చాలా తక్కువ.

మరి 512 ఎవరు తింటున్నారు? మొదట కెర్నెల్ ఇమేజి. తర్వాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్), అది విప్పేటప్పుడు కంప్రెస్ అయి ఉన్నదీ విప్పుకున్నదీ రెండూ ఒకేసారి మెమరీలో ఉంటాయి, చాలా మెషీన్లలో మొదటి ఇరుకు అక్కడే. ఆపైన సిస్టమ్‌డీ, యూడెవ్, మల్టీపాత్‌డీ. చివరికి అన్నిటికన్నా పెద్ద వాటా డ్రైవర్లది. హెచ్‌బీఏలు, వేగమైన నెట్‌వర్క్ కార్డులు లేవగానే రింగులకూ బఫర్లకూ పదుల ఎంబీలు పట్టేసుకుంటాయి. మీ బూట్ లైనులో ర్యామ్‌ని బట్టి అంకె పెరగడానికి, పెద్ద మెషీన్లో కార్డులూ డిస్కులూ ఎక్కువ ఉంటాయన్న అంచనాయే కారణమని నా ఉద్దేశం.

ముందే ఎందుకు పక్కన పెట్టాలంటే, ప్యానిక్ అయిన క్షణంలో మెమరీ అడుగుదామన్నా ఆ కెర్నెల్‌లో మెమరీ పంచే అలోకేటర్‌నే నమ్మలేం. పైగా పాత కార్డులు ఆగకుండా పాత అడ్రస్‌లకి డీఎంఏ (సీపీయూతో పనిలేకుండా కార్డే నేరుగా మెమరీలో రాయడం) రాస్తూనే ఉండొచ్చు. బూట్‌లోనే వేరుచేసిన చోటుకి మాత్రం ఏ కార్డుకీ అడ్రస్ ఇచ్చి ఉండరు, అందుకే అది భద్రం. 2005లో 2.6.13 కెర్నెల్‌తో కేడంప్ (ఇలా డంపు తీసే ఏర్పాటు) వచ్చినప్పటి నుంచి పద్ధతి ఇదే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే లాభం లేదు కదా.

శారద_ఎస్‌ఆర్‌ఈ (బెళ్ళందూరు)

అంకె మార్చే ముందు ఇవి చూసి ఇక్కడ పెట్టండి తుంగభద్ర గారూ.

క్యాట్‌తో చూస్తే /సిస్/కెర్నెల్/కెఎక్సెక్_క్రాష్_సైజ్ ఫైల్లో ఏ అంకె ఉంది (బైట్లలో ఉంటుంది). /సిస్/కెర్నెల్/కెఎక్సెక్_క్రాష్_లోడెడ్ 1 ఉందా. రూట్‌గా /ప్రాక్/ఐఓమెమ్‌లో "క్రాష్ కెర్నెల్" వరసలు ఎన్ని, ఏ అడ్రస్‌లో. ఆ తర్వాత కేడంప్‌సీటీఎల్ ఎస్టిమేట్.

సైజు 0 ఉంటే బూట్‌లోనే చోటు దొరకలేదని అర్థం, డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగు) ఆ మాట ఉంటుంది. సైజు ఉండి లోడెడ్ 0 అయితే సమస్య మెమరీది కాదు, కేడంప్ సర్వీసుది.

తుంగభద్ర

థాంక్సండీ. సైజు 536870912, లోడెడ్ 1. ఐఓమెమ్‌లో ఒకే వరస, 4 జీబీ కిందే ఉంది. ఎస్టిమేట్‌లో రిజర్వ్‌డ్ 512ఎం, రికమెండెడ్ కూడా 512ఎం అనే చూపిస్తోంది. లార్జ్ మాడ్యూల్స్ జాబితాలో హెచ్‌బీఏ డ్రైవరూ నెట్‌వర్క్ డ్రైవరూ రెండూ ఉన్నాయి. చాలినంత ఉందని అది చెబుతుంటే ఇక్కడ ఎందుకు చాలడం లేదు?

పాత_ప్యానిక్

> చాలినంత ఉందని అది చెబుతుంటే

ఎస్టిమేట్ కూడేది కెర్నెల్ సైజు, మాడ్యూళ్ళ సైజు, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ సైజు, వాటిపైన నడవడానికి ఒక స్థిరమైన మొత్తం. డ్రైవర్ లేచాక ఎంత అడుగుతుందో దానికి తెలిసే వీలు లేదు. మాడ్యూల్ ఫైలు 2 ఎంబీ ఉండొచ్చు, అదే లోడయ్యాక 80 ఎంబీ పట్టొచ్చు. కూడిక డిఫాల్ట్ కన్నా తక్కువ వస్తే డిఫాల్ట్ అంకెనే రికమెండెడ్ అని చూపిస్తుంది. కాబట్టి ఆ లైనుని కనీసం ఇంత కావాలి అన్నట్టు తీసుకోవాలి, ఇంత చాలు అన్నట్టు కాదు.

అసలు లెక్క కావాలంటే రెండో కెర్నెల్లోనే కొలవాలి. /ఈటీసీ/సిస్‌కాన్ఫిగ్/కేడంప్ తెరిచి కేడంప్_కమాండ్‌లైన్_అపెండ్ చివర ఆర్‌డీ.మెమ్‌డీబగ్=4 చేర్చండి. మెమ్‌స్ట్రాక్ ప్యాకేజీ ఉండాలి. కేడంప్‌సీటీఎల్ రీస్టార్ట్ చేయండి. తర్వాత మెయింటెనెన్స్ సమయంలో, డేటాబేస్ ఆపి, సింక్ కొట్టి, ఇలా కావాలనే క్రాష్ చేయండి:

ఎకో 1 > /ప్రాక్/సిస్/కెర్నెల్/సిస్‌ఆర్‌క్యూ
ఎకో సి > /ప్రాక్/సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్

బూట్ దశల్లో ఏ మాడ్యూల్ ఎంత పట్టిందో సీరియల్ కన్సోల్‌లో పేరుపేరునా వస్తుంది. ఇందుకోసం ఐపీఎంఐ (సర్వర్‌ని దూరం నుంచి నడిపే పద్ధతి) సీరియల్ ఓవర్ ల్యాన్ ముందే పెట్టుకోండి, కన్సోల్=టీటీవైఎస్0,115200 లాంటిది బూట్ లైనులో ఉండాలి. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకుని వెళ్ళి సర్వర్‌కి మానిటర్ తగిలించే అవసరం అప్పుడు రాదు. ఒకవేళ తగిలించినా గ్రాఫిక్ కన్సోల్‌లో రెండో కెర్నెల్ మాటలు కనబడతాయన్న గ్యారంటీ లేదు.

సిలికాన్_సీమ (ఎలక్ట్రానిక్ సిటీ)

కొలిచేలోపు ఒక మాట. డంపు శాన్ మీదికే పోవాలని ఏముంది? సర్వర్లో లోకల్ ఎన్‌వీఎంఈ డిస్కు ఒకటుంటే డంపు దానిమీద పడేయండి. హెచ్‌బీఏ, మల్టీపాత్, నెట్‌వర్క్ మూడూ రెండో కెర్నెల్లోంచి పోతాయి.

ఆ పార్టిషన్ ఎఫ్‌స్టాబ్‌లో రాసి మౌంట్ చేసి, లోపల క్రాష్ అని డైరెక్టరీ చేయండి. /ఈటీసీ/కేడంప్.కాన్ఫ్‌లో:

ఎక్స్‌ఎఫ్‌ఎస్ యూయూఐడీ=(ఆ పార్టిషన్‌ది)
పాత్ /క్రాష్
కోర్_కలెక్టర్ మేక్‌డంప్‌ఫైల్ -ఎల్ --మెసేజ్-లెవెల్ 7 -డి 31
ఫెయిల్యూర్_యాక్షన్ రీబూట్

ఫెయిల్యూర్_యాక్షన్‌లో డంప్_టు_రూట్‌ఎఫ్‌ఎస్ పెట్టారంటే రూట్ డిస్కు కోసం మళ్ళీ మల్టీపాత్ సరంజామా అంతా వెనక్కి వచ్చేస్తుంది, పెట్టొద్దు. నెట్‌వర్క్ డ్రైవర్ ఇంకా కనబడితే డ్రాకట్_ఆర్గ్స్ --ఆమిట్-డ్రైవర్స్ కింద దాని పేరు రాయండి. తర్వాత కేడంప్‌సీటీఎల్ రీబిల్డ్, అయ్యాక ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీతో /బూట్ కింద పేరు చివర కేడంప్ అని ఉన్న ఇమేజి తెరిచి చూడండి. హెచ్‌బీఏ మాడ్యూల్ నిజంగా పోయిందా అన్నది కంటితో చూస్తేనే నమ్మాలి.

జీపీయూ కార్డులున్న సర్వర్లలో కూడా ఇదే పని. డంపు రాయడానికి గ్రాఫిక్స్ డ్రైవర్‌తో ఏం పని?

పాత_ప్యానిక్

సీమ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనది. అంకె పెంచే ముందు భారం దించుకోవాలి.

-డి 31 అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం: 1 సున్నాలతో నిండిన పేజీలు, 2 మామూలు కాష్, 4 ప్రైవేట్ కాష్, 8 యూజర్ ప్రాసెస్‌ల డేటా, 16 ఖాళీ పేజీలు. అన్నీ కలిపితే 31, అవన్నీ వదిలేసి కెర్నెల్ సొంత పేజీలే రాస్తుంది. డిస్కు ఎంత కావాలో ముందే తెలుసుకోడానికి నడుస్తున్న సిస్టమ్‌లో మేక్‌డంప్‌ఫైల్ --మెమ్-యూసేజ్ /ప్రాక్/కేకోర్ కొట్టండి, ఏ రకం పేజీలు ఎన్నో పట్టికలా ఇస్తుంది. డేటాబేస్ నిండుగా నడిచేటప్పుడు కొట్టాలి, రాత్రి ఖాళీగా ఉన్నప్పటి అంకె పనికిరాదు.

ఓఎంఆర్_నుంచి (చెన్నై, నావలూరు)

చిన్న సందేహం. మా దగ్గర 4 జీబీ కింద అంత చోటు దొరకదు, అందుకని క్రాష్‌కెర్నెల్=768ఎం,హై పెట్టమన్నారు. పెడితే ఐఓమెమ్‌లో రెండు వరసలు వచ్చాయి, పైన 768, కింద 256. ఆ 256 అదనంగా పోతోందా? 0,లో పెట్టి వెనక్కి తీసుకోవచ్చా?

శారద_ఎస్‌ఆర్‌ఈ

అదనంగానే పోతుంది, కానీ ఊరికే కాదు. 32 బిట్ అడ్రస్ వరకే చేరగల కార్డులు 4 జీబీ పైన ఉన్న మెమరీకి డీఎంఏ చేయలేవు. వాటికోసం కెర్నెల్ స్విఓట్‌ఎల్‌బీ అనే మధ్యవర్తి బఫర్ కింద పెట్టుకుంటుంది, దానికే 64 ఎంబీకి పైన కావాలి. అందుకే ",హై" ఇస్తే ఎక్స్86లో కెర్నెల్ తనంతట తానే కింద కనీసం 256 ఎంబీ తీస్తుంది, ఆర్మ్64లో అయితే 128. 0,లో అంటే అది వద్దని చెప్పడం. అప్పుడు బూట్ బాగానే అవుతుంది, కేడంప్ కూడా రెడీ అనే చూపిస్తుంది, ప్యానిక్ రోజున డిస్కు కంట్రోలర్ లేవక కూర్చుంటుంది. స్విఓట్‌ఎల్‌బీ నిండిందని కన్సోల్‌లో వరసగా మెసేజ్‌లు వస్తే దీనివల్లే. తగ్గించాలనుకుంటే 128ఎం,లో పెట్టి పరీక్షించి చూడండి, సున్నా మాత్రం వద్దు.

కొత్త కెర్నెల్స్‌లో ఉత్త క్రాష్‌కెర్నెల్=768ఎం అంటే చాలు, కింద చూసి దొరక్కపోతే పైకి వెళుతుంది. @ పెట్టి ఆఫ్‌సెట్ అడ్రస్ ఇచ్చే పాత పద్ధతి జోలికి పోకండి, బయోస్ అప్‌డేట్ అయి మెమరీ మ్యాప్ మారితే ఆ చోటు దొరక్క రిజర్వేషన్ మొత్తం పోతుంది.

కనకదుర్గ_క్లౌడ్ (హెబ్బాళ)

వీఎంల ప్రశ్న దగ్గరికి ఎవరూ రాలేదు. 400 ఇంటూ 256 ఎంబీ, 100 జీబీ అన్న లెక్క హోస్ట్ (వీఎంలు నడిచే అసలు సర్వర్) వైపు నుంచి చూస్తే నిలబడదు. గెస్ట్ (అంటే వీఎం) లోపల రిజర్వ్ చేసినంత మాత్రాన హోస్ట్ ఆ మెమరీ ఇచ్చేయదు. కేవీఎంలో గెస్ట్ తాకిన పేజీకే హోస్ట్ ర్యామ్ ఇస్తుంది. కేడంప్ సర్వీసు లోడ్ అయ్యేటప్పుడు తాకేది కెర్నెల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కూర్చునేంత మేరకే, మిగతాది ప్యానిక్ అయ్యేదాకా ఎవరూ ముట్టరు. అయితే హ్యూజ్ పేజీలతో వీఎంలు నడిపినా, ప్రీ-అలోకేట్ పెట్టినా, పీసీఐ కార్డు నేరుగా వీఎంకి ఇచ్చినా మొత్తం మెమరీ ముందే పిన్ అవుతుంది, అప్పుడు మీ 100 జీబీ లెక్క నిజం.

గెస్ట్ వైపు మాత్రం నష్టం ఎప్పుడూ నిజమే. 4 జీబీలో 256 ఎంబీ అంటే 6.25 శాతం, అప్లికేషన్‌కి అది దక్కదు.

హోస్ట్ మీ చేతిలో ఉంటే వేరే దారి ఉంది. వీఎం ఎక్స్‌ఎంఎల్‌లో పీవీప్యానిక్ డివైస్ పెట్టి, ఆన్_క్రాష్ విలువ కోర్‌డంప్-రీస్టార్ట్ చేయండి. గెస్ట్ ప్యానిక్ అవగానే హోస్టే డంపు తీసుకుని వీఎంని మళ్ళీ లేపుతుంది. హ్యాంగ్ అయిన వీఎంకి విర్ష్ డంప్ --మెమరీ-ఓన్లీ --ఫార్మాట్ కేడంప్-జ్లిబ్. దీంట్లో గెస్ట్ నుంచి ఒక్క ఎంబీ కూడా పోదు. కానీ హోస్ట్ తీసే డంపులో -డి 31 వడపోత ఉండదు, 4 జీబీ వీఎం అంటే 4 జీబీ అంతా రాస్తుంది, యూజర్ డేటాతో సహా. ఒకే హోస్ట్ మీద పది వీఎంలు ఒకేసారి ప్యానిక్ అయితే డిస్కు నిండుతుంది, డంపులకి వేరే వాల్యూమ్ పెట్టండి. కేఏఎస్‌ఎల్‌ఆర్ (ప్రతి బూట్‌కీ కెర్నెల్ అడ్రస్‌లు మార్చే రక్షణ) ఉన్న గెస్ట్‌లకి విఎంకోర్‌ఇన్ఫో డివైస్ కూడా చేర్చాలి, లేకపోతే డంపు చదివే క్రాష్ టూల్‌కి అడ్రస్‌లు కలవక తిప్పలు పడతారు.

హోస్ట్ మీది కాకపోతే, పబ్లిక్ క్లౌడ్ అయితే, గెస్ట్‌లోని రిజర్వేషన్ తీయకండి. ఇంకో దారి లేదు.

తుంగభద్ర

హోస్ట్‌లు మావే, హ్యూజ్ పేజీలు వాడటం లేదు. పీవీప్యానిక్ దారి బాగుంది అక్కా, పైవాళ్ళకి ఇదే పంపిస్తాను. ఉబుంటు వీఎంలు కొన్ని ఉన్నాయి, వాటిలో /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్‌లో 384ఎం పెట్టినా 192 ఎంబీనే రిజర్వ్ అవుతోంది. ఎందుకు?

సిలికాన్_సీమ

/ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్.డి/ కింద కేడంప్-టూల్స్.సీఎఫ్‌జీ అని ఇంకో ఫైలుంది. అది మీరు రాసినదాని వెనక తన క్రాష్‌కెర్నెల్‌ని అతికిస్తుంది. బూట్ లైనులో రెండుంటే కెర్నెల్ చివరిదే తీసుకుంటుంది. క్యాట్‌తో /ప్రాక్/సీఎండీలైన్ చూడండి, రెండూ కనబడతాయి. ఆ సీఎఫ్‌జీ ఫైల్లోనే మార్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి. కేడంప్-కాన్ఫిగ్ షో అంటే "రెడీ టు కేడంప్" రావాలి.

బోర్డు_బ్రింగప్ (పీణ్య)

సర్వర్లు కాకుండా చిన్న బోర్డులు చూసేవాళ్ళూ ఇక్కడ ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. 512 ఎంబీ ఉన్న ఆర్మ్ బోర్డులో 128 ఎంబీ కేడంప్‌కి ఇవ్వడం కుదరని పని. అక్కడ ర్యామూప్స్ (చివరి కెర్నెల్ లాగుని ర్యామ్‌లో దాచే డ్రైవర్) వాడాలి. డివైస్ ట్రీలో రిజర్వ్‌డ్-మెమరీ కింద 1 ఎంబీ చాలు: రికార్డ్-సైజ్ 64 కేబీ, కన్సోల్-సైజ్ 256 కేబీ, ఈసీసీ-సైజ్ 16. సైజులన్నీ 2కి ఘాతాలైన అంకెల్లోనే (64, 128, 256 లాంటివి) ఇవ్వండి, లేకపోతే కిందికి సరిచేసి చోటు వృథా చేస్తుంది. రీబూట్ అయ్యాక /సిస్/ఎఫ్‌ఎస్/పీస్టోర్‌లో చివరి డీమెసేజ్ దొరుకుతుంది.

ఇది పూర్తి డంపు కాదు, లాగు మాత్రమే. పైగా వామ్ రీసెట్ (కరెంటు పోకుండా రీబూట్) అయితేనే మిగులుతుంది. కరెంటు పోయి వస్తే డీడీఆర్‌లో ఏమీ ఉండదు. బూట్‌లోడర్ ఈసీసీ కోసం డీడీఆర్ మొత్తం సున్నాలు చేసే బోర్డుల్లో వామ్ రీసెట్‌కి కూడా పోతుంది, ఆ 1 ఎంబీని ఈ సున్నాలు చేసే పని (స్క్రబ్) నుంచి మినహాయించాలి. దీనికే ఎక్కువ మంది రోజులు పోగొట్టుకుంటారు: డ్రైవర్ సరిగ్గానే ఉంటుంది, చెరిపేసేది బూట్‌లోడర్.

ఓఎంఆర్_నుంచి

డంపు పడే డిస్కుకి లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉంటే?

పాత_ప్యానిక్

లక్స్2లో పాస్‌ఫ్రేజ్ నుంచి తాళం తీయడానికి ఆర్గాన్2 వాడతారు, అది కావాలనే ఎక్కువ మెమరీ తినేలా చేసిన పద్ధతి, 1 జీబీ దాకా పట్టొచ్చు. క్రిప్ట్‌సెటప్ లక్స్‌డంప్‌లో ఆ కీస్లాట్ మెమరీ విలువ కనబడుతుంది. 512 ఎంబీ రిజర్వేషన్‌తో ఆ డిస్కు తెరుచుకోదు. పైగా పాస్‌ఫ్రేజ్ టైపు చేయడానికి ఆ వేళ మనిషెవరూ ఉండరు. ఎస్‌ఎస్‌హెచ్ టార్గెట్ పెట్టి వేరే మెషీన్‌కి పంపడమే మేలు: కేడంప్.కాన్ఫ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ యూజర్@సర్వర్, కోర్_కలెక్టర్‌కి -ఎఫ్ చేర్చాలి, తర్వాత కేడంప్‌సీటీఎల్ ప్రాపగేట్ చేస్తే కీ వెళుతుంది. నెట్‌వర్క్ డ్రైవర్ వెనక్కి వస్తుంది, దాని మెమరీ లెక్కలో కలుపుకోండి.

డంపుని మామూలు డిస్కు మీద విప్పి పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. -డి 31 యూజర్ పేజీలు తీసేస్తుంది గానీ కెర్నెల్ లోపలి సాకెట్ బఫర్లు, డిస్కు ఎన్‌క్రిప్షన్ తాళాలు దాంట్లో ఉంటాయి. ఆ డైరెక్టరీ రూట్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోకూడదు, టికెట్‌కి అటాచ్ చేసి బయటికి పంపేముందు సెక్యూరిటీ వాళ్ళ మాట తీసుకోండి.

తుంగభద్ర

ఒక సర్వర్ మీద చేసి చూశాం. పాత అమరికతో మెమ్‌డీబగ్ పెట్టి క్రాష్ చేస్తే, మాడ్యూళ్ళ పట్టికలో పైనున్నవి హెచ్‌బీఏ డ్రైవర్, దాని తర్వాత నెట్‌వర్క్ డ్రైవర్. ఆ రెంటిదే 300 ఎంబీకి దగ్గర. డంపు ఎన్‌వీఎంఈ మీదికి మార్చి, నెట్‌వర్క్ డ్రైవర్ తీసేసి, మల్టీపాత్ లేకుండా రీబిల్డ్ చేస్తే అదే 512 ఎంబీతో విఎంకోర్ పూర్తిగా వచ్చింది, విఎంకోర్-డీమెసేజ్ ఫైలుతో సహా. డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీలోని విఎంలినక్స్‌తో క్రాష్ టూల్లో తెరుచుకుంది, బీటీ, లాగ్, కెమెమ్ -ఐ అన్నీ పనిచేస్తున్నాయి.

ఒకటి మిగిలింది. రెండో సర్వర్లో డంపు రాస్తుండగానే మెషీన్ రీసెట్ అవుతోంది. ఓఓఎం లేదు, ఎర్రర్ లేదు.

శారద_ఎస్‌ఆర్‌ఈ

ఎర్రర్ లేకుండా రీసెట్ అంటే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ని (ఇంత సేపట్లో ఎవరూ తట్టకపోతే మెషీన్‌ని రీసెట్ చేసే టైమర్) అనుమానించండి. మొదటి కెర్నెల్లో దాన్ని తడుతూ ఉన్న డీమన్ ప్యానిక్‌తో పోయింది, టైమర్ మాత్రం నడుస్తోంది. రెండో కెర్నెల్ ఇమేజిలో ఆ వాచ్‌డాగ్ మాడ్యూల్ లేకపోతే తట్టేవాళ్ళుండరు. రీసెట్ ప్రతిసారీ ప్యానిక్ అయిన అన్నే సెకన్లకి వస్తుంటే అదే. ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీలో మాడ్యూల్ ఉందో చూడండి, లేకపోతే --యాడ్-డ్రైవర్స్‌తో చేర్చండి. ఐపీఎంఐ వాచ్‌డాగ్ అయితే బీఎంసీ (సర్వర్‌ని కనిపెట్టుకుని ఉండే వేరే చిప్) ఈవెంట్ లాగులో దాని పేరుతో ఎంట్రీ పడి ఉంటుంది.

ప్యానిక్ కాకుండా బిగుసుకుపోయే సర్వర్లకి కెర్నెల్.అన్‌నోన్_ఎన్‌ఎంఐ_ప్యానిక్=1 పెట్టుకోండి. అప్పుడు ఐపీఎంఐటూల్ ఛాసిస్ పవర్ డయాగ్ కొడితే ఎన్‌ఎంఐ (కెర్నెల్ కాదనలేని ఇంటరప్ట్) వెళ్ళి ప్యానిక్ అయి డంపు పడుతుంది. పవర్ రీసెట్ కొట్టేస్తే సాక్ష్యం అంతా పోయినట్టే, ఆపరేషన్స్ వాళ్ళ రన్‌బుక్‌లో రీసెట్ కన్నా ముందు డయాగ్ రాయించండి.

తుంగభద్ర

బీఎంసీ లాగులో వాచ్‌డాగ్ ఎంట్రీ ఉందండీ. మాడ్యూల్ చేరుస్తున్నాం. భారం దించాక 512లో చాలా మిగులుతోంది, రీబూట్ లేకుండా కొంత వెనక్కి ఇవ్వొచ్చా?

పాత_ప్యానిక్

ఇవ్వొచ్చు. కేడంప్‌సీటీఎల్ స్టాప్ చేసి, కావలసిన సైజు బైట్లలో /సిస్/కెర్నెల్/కెఎక్సెక్_క్రాష్_సైజ్‌లోకి రాసి, మళ్ళీ స్టార్ట్. కెర్నెల్ లోడై ఉండగా రాస్తే ఒప్పుకోదు. తగ్గించడమే, పెంచడం కుదరదు. రీబూట్ అయితే బూట్ లైనులోని అంకే వస్తుంది కాబట్టి శాశ్వతంగా కావాలంటే గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నెల్=ఆల్ --ఆర్గ్స్ తో మార్చాలి. మీ చోట నేనైతే 384 జీబీ మెషీన్లో ఆ 512 ముట్టను, రేపు కెర్నెల్ అప్‌డేట్‌తో డ్రైవర్ ఇంకో 40 ఎంబీ అడిగితే మళ్ళీ ఇదే కథ. ప్రతి కెర్నెల్ అప్‌డేట్ తర్వాత ఒక సర్వర్ మీద సిస్‌ఆర్‌క్యూ-సి పరీక్ష పెట్టుకోండి.